గుట్ట లేని శివారు

ఎలుగుబండ ఊరికి మూడు దిక్కుల శివారును చిన్నరాములు కళ్లు మూసుకుని తిరిగి రాగలడు. నాలుగో దిక్కు పడమర. అదే అతణ్ణి తినేస్తోంది.

రేపు బొడ్రాయి పండగ. ఊరి నడుమ పాతిన పాత రాయి సిమెంటు రోడ్డు కింద కూరుకుపోయిందని ఈసారి కొత్త రాయి నిలబెడుతున్నారు. రాయి నిలిపిన నాడు ఊరి చుట్టూ పొలి చల్లాలి. బలి అన్నంలో పసుపూ వేపాకూ కలిపి గంపలో పోసుకుని, డప్పు మోగుతుండగా శివారు పొడుగునా చల్లుకుంటూ తిరిగి బొడ్రాయి దగ్గరికి రావాలి. గంప నేల మీద పెట్టకూడదు. డప్పు ఆగకూడదు. పొలి లోపల ఉన్నదంతా బొడ్రాయి తల్లి కాచే ఊరు, వెలుపల ఉన్నది వెలుపలే. పొలి తిరిగినాక మర్నాడు పొద్దు పొడిచేదాకా ఊళ్లోవాళ్లు గీత దాటకూడదు, పైవాళ్లు లోపలికి రాకూడదు. అందుకే పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ ముందే పిలుచుకుని, కొత్త చీర పెట్టి ఒడిబియ్యం పోస్తారు. ఆ ఒక్క రోజు ఏ ఇంటి ఆడబిడ్డా శివారు అవతల మిగలకూడదు.

గంప పట్టేది నీరటి ఇంటివాళ్లు. చెరువు తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే ఇల్లది. ఏ గట్టు దాటితే పక్క ఊరో నీళ్ల వెంట తిరిగేవాళ్లకే ఎరుకని, ఎప్పటి పెద్దలో ఆ పని వాళ్లకు అప్పజెప్పారు. చిన్నరాములు తండ్రి పట్టాడు, అన్న పెద్దరాములు పట్టాడు. అన్న పోయాడు. ఇప్పుడు చిన్నరాములు వంతు.

పడమటి శివారు ఒకప్పుడు ఎలుగుల గుట్ట. చిన్నప్పుడు తండ్రి అతణ్ణి భుజాల మీద ఎక్కించుకుని గుట్ట నెత్తి మీదికి తీసుకుపోయి చూపించాడు. "గీడ పడ్డ వాన ఇటు జారితే మనది, అటు జారితే మల్లుపల్లోళ్లది. గదే శివారు" అన్నాడు. వాన పంచి ఇచ్చిన హద్దు కాబట్టి దాని మీద రెండూళ్లకూ ఏనాడూ పంచాయితీ పడలేదు. ఆ గుట్టలో ఎలుగుబంట్లు ఉండేవట. రజాకార్ల కాలంలో ఊరి ఆడవాళ్లంతా పిల్లల నోళ్లు మూసి దాని గుహలో దాక్కున్నారట. కరువు ఏడు దాని సీతాఫలాలు తినే ఊరు బతికిందట. నెత్తి మీద మల్లన్న రాయి, నడుములో ఊరే జాలు. ఆ జాలు నీళ్లు వాగై చెరువులోకి దిగేవి. వాగు ఒడ్డు మెల్లగా వాలి ఉండేది. అడుగు వేస్తే చీలమండ, ఇంకో అడుగు వేస్తే మోకాలు, ఆ తర్వాత నడుము. ఊరి ఆడవాళ్లు ఏటా బతుకమ్మలు తలల మీద పెట్టుకుని పోయి అందులోనే దిగి సాగనంపేవాళ్లు.

తర్వాత కంకర మిషన్లు వచ్చాయి. మల్లన్నను ఏం చేస్తారని ఊరు అడిగింది. కిందికి దించి టైల్స్ వేసిన గుడి కట్టిస్తామన్నారు, కట్టించారు. దేవుడి సంగతి అడిగారు గానీ గుట్ట సంగతి ఎవరికీ నోటికి రాలేదు. గుట్ట ఎటు పోతుందిలే అనుకున్నారు. లారీలు ఎక్కి అది అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల దాకా పోయింది. "మన గుట్టల ఇప్పుడు ఏసీలు పెట్టుకోని పండుతున్నరు" అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. అన్నేళ్లు నెత్తి మీద కూర్చున్న మల్లన్న ఎందుకు ఊరుకున్నాడా అని చిన్నరాములుకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అనిపించగానే చెంపలు వేసుకుంటాడు.

రాయి అయిపోయాక మిషన్లు వెళ్లిపోయాయి. గుట్ట ఎంత పైకి ఉండేదో అంత లోతు గుంత మిగిలింది, నిండా నీళ్లు. జాలు పోయింది కాబట్టి వాగు ఎండింది.

ముందటి ఏడు బతుకమ్మకు వాగులో చీలమండ మునిగే నీళ్లు కూడా లేవు. ఆడవాళ్లు గుంత దగ్గరికి పోయారు. చిన్నరాములు బిడ్డ వనజ ఇస్నాపూర్ అత్తింటి నుంచి పుట్టింటికి పండగకు వచ్చింది. బతుకమ్మ ఎత్తుకుని అందరికన్నా ముందు, వాగులో దిగినట్టే దిగింది. మొదటి అడుగు రాతి మీద పడింది. రెండో అడుగు కింద ఏమీ లేదు. పెద్దరాములు కొడుకు బాలరాజ్ దూకి ఆమెను పైకి తెచ్చేసరికి పూలు ఇంకా నీళ్ల మీదే ఉన్నాయి.

*

పండగ ముందునాటి సాయంత్రం పంచాయతీ ముందున్న రేకుల షెడ్డు కింద మాట వచ్చింది. బాలరాజే ఇప్పుడు ఊరి సర్పంచ్. ఫోన్‌లో ఊరి హద్దుల పాత నక్ష తెరిచి అందరికీ చూపించాడు.

"గిండ్ల గుట్ట ఇంకా ఉన్నది కాకా. శివారు గీత గుట్ట నెత్తి మీదికెల్లి పోతాంది."

"అంటే మనం గాలిలకెల్లి పోవాలె ఇగ" అన్నాడు డప్పు నర్సన్న. "నేను తయారే. జెర రెక్కలు శాంక్షన్ చేయించు సర్పంచ్ సాబ్."

అందరూ నవ్వారు. బాలరాజ్ కూడా నవ్వి, నవ్వు ఆపుకుని అన్నాడు. "గీత గుంత నడిమిట్లకెల్లి పోతది. నీళ్ల మీద నడువలేం. ఉంటే రెండే తొవ్వలు. ఇవతలి అంచు పొంటి పోతే గుంతంత బయట పడ్తది. అవతలి అంచు పొంటి పోతే గుంత లోపటికొస్తది. గని అది మల్లుపల్లోళ్ల భూమి."

"వాళ్ల భూమిల మన పొలి సల్లితే ఊకుంటరా?" అన్నారు ఎవరో. "తల్కాయలు పగుల్తయి."

"ఎందుకు లోపటికి? మనుషులను మింగే గుంత అది" అన్నాడు వెనక కూర్చున్న ఒక ముసలాయన. "బయటకే పోనీ. పీడ పోతది."

ఆ మాట అన్నాక ఆయనకు చిన్నరాములు కనిపించాడు. నోరు మూసుకుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

"నువ్వేమంటవ్ కాకా?" అన్నాడు బాలరాజ్ మెల్లగా. "గంప నీ నెత్తి మీదనే ఉంటది."

చిన్నరాములు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఊరు ఎట్లంటే గట్లనే" అని లేచాడు.

ఇంట్లో మొగులమ్మ చాటలో బియ్యం పోసుకుని పసుపు కలుపుతోంది. పక్కన కొత్త చీర, దాని మీద రవిక గుడ్డ, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు. ఇంటికి రావాల్సిన ఆడబిడ్డలు ఎవరూ లేరు. ఉండింది ఒక్క వనజే.

"ఎవలికే గివి?" అన్నాడు, తెలిసీ.

"ఎవలికేంది? నీకు ఎంతమంది బిడ్డలున్నరు?"

అతడు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "పిచ్చిదానా, అది ఇస్నాపూర్ల కాలిపాయె గదనే. వాళ్లోళ్లు దినాలు చేసిండ్రు. గంగల కలిపిండ్రు."

"కట్టె కాలింది. పానం ఏడున్నదో ఎవలు సూసిండ్రు?" ఆమె చేతులు ఆగలేదు. "అత్తింట్ల సచ్చిపోతే నేను గీ మాట అనకపోదు. పుట్టింటికి పండుగకొచ్చి, మన శివార్ల, మన గుట్ట కాడ పాయె. అది ఈడనే ఉన్నది వనజ నాయినా."

ప్రాణం పోయిన చోటే ఉంటుందా, దేవుడి దగ్గరికి పోతుందా అని చిన్నరాములు గుళ్లో పురాణం చెప్పే అయ్యగారిని ఒకసారి అడిగాడు. అయ్యగారు చాలాసేపు చెప్పారు. అంతా విని ఇంటికి వచ్చేసరికి మళ్లీ అదే ప్రశ్న మిగిలింది.

"ఏమన్నరు మల్ల?" అంది మొగులమ్మ. "గుంత లోపటికొస్తదా, బయటకు పోతదా?"

అతడు దూలం వైపు చూశాడు.

"నోట్ల నాలుక లేదా?"

"అవతలికెల్లి పోతే ఊరికీ ఊరికీ కొట్లాట అయితదే. పైవాళ్ల భూమిల పొలి పడితే తల్లికి తప్పు. ఊరంతటికీ కీడు."

"ఊరంతటికీ" అని ఆ మాటనే మళ్లీ అంది ఆమె. "నా బిడ్డ ఊరు కాదా?"

పసుపు బియ్యాన్ని తెల్లగుడ్డలో మూట కట్టింది. ఒడిబియ్యం పోయించుకున్న ఆడబిడ్డ వెళ్లేముందు అందులోంచి పిడికెడు తీసి పుట్టింట్లోనే వదిలి పోతుంది, తల్లిగారిల్లు వట్టిది కాకూడదని. వనజ ఎప్పుడూ పిడికెడుతో ఊరుకునేది కాదు. రెండు దోసిళ్లు పోసి, "మీ అల్లునికి సరిపోను ఉన్నయి లేవే, వాడు ఊకె హోటల్ల తింటడు" అని నవ్వేది. చిన్నరాములుకు ఆ నవ్వు గుర్తొచ్చి, మొహం కడుక్కోవాలన్నట్టు లేచి బయటికి పోయాడు.

*

పొద్దెక్కుతుండగా కొత్త రాయి నిలిచింది. బైండ్ల ఆయన పూజ ముగించి గంప ఎత్తి చిన్నరాములు తలకు పెట్టాడు. పసుపూ వేపాకూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. ఇంటి వైపు చూశాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. పొలికి ఆడవాళ్లు రారు కాబట్టి లోపల ఉందనుకున్నాడు.

తూర్పున మెయిన్ రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు ఖాళీగా నిలబడి, హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఊళ్లో కిరాయికుండే బిహారు కుర్రాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తున్నారు. "ఆజ్ ఛుట్టీ?" అని ఒకడు అడిగాడు. "ఛుట్టీ కాదు, జైలు" అన్నాడు నర్సన్న డప్పు కొడుతూనే. "రేపటిదాకా గీత దాటితే తల్లి ఇడ్సిపెట్టదు. భాత్ తిని పండుకోండ్రి."

"పొలీ..." అని చిన్నరాములు మొదటి పిడికెడు చల్లాడు. "పొలో" అని వెనక మగవాళ్లంతా అందుకున్నారు.

తూర్పున జిల్లేడు మిట్ట దాటారు. దక్షిణాన ఎండిన వాగు పొంటి నడిచారు. ఇసుక కూడా ఎవరో తవ్వుకుపోయారు, అడుగున ఎర్రమట్టి తేలింది. పులిగుండు ఇంకా ఉంది, దాని మీద ప్లాట్ల వాళ్లు తెల్లరంగుతో నంబరు వేశారు. అంతవరకు అతని కాళ్లు వాటంతట అవే నడిచాయి. పులిగుండు దాటి పడమటికి తిరగ్గానే ఎదురుగా గుట్ట ఉండాలి. ఎన్నేళ్లయినా ఆ మలుపులో అతని చూపు పైకి లేస్తుంది, ఆకాశం తప్ప ఏమీ కనపడక మళ్లీ కిందికి దిగుతుంది.

గుంత ఇవతలి అంచున సన్నని బాట. బాటకూ నీళ్లకూ మధ్య మంచం పట్టేంత రాతి పలక. ఆ ఏడు ఆడవాళ్లు బతుకమ్మలు దించింది అక్కడే. పలక మీద మొగులమ్మ కూర్చుని ఉంది. ఒడిలో కొత్త చీర, బియ్యం మూట.

వెనక కేకలు ఆగిపోయాయి. డప్పు ఆగకూడదు గనక నర్సన్న ఒక్కడే మెల్లగా వేళ్లతో వాయిస్తూ నిలబడ్డాడు.

"చిన్నమ్మా!" బాలరాజ్ ముందుకు వచ్చాడు. "గీడేం జేస్తున్నవ్? లే. ఇవతలికి రా, పొలి పడాలె."

"సల్లుకుంట పోండ్రి బిడ్డా. నేనేమన్న ఆపిన్నా?"

"నువ్వు బయట పడ్తవ్ చిన్నమ్మా!"

"పడనీ." ఆమె గొంతులో కోపం లేదు. "ఊర్లున్న ఆడబిడ్డలంత తల్లిగారిండ్లల్ల ఉన్నరు. ఇదొక్కతే ఈడున్నది. పెద్ద పండుగ నాడు ఒక్కదాన్ని ఎట్ల ఇడ్సిపెట్టాలె? నేను తోడుంట."

"తల్లికి కోపమొస్తది" అన్నారు వెనక నుంచి.

"రాదు. ఆమె గూడ తల్లే గద, నాకంటె ఎక్కువ తెల్సు."

"పట్టి ఇవతలికి గుంజుండ్రి" అని ఎవరో అన్నారు. ఇద్దరు కదిలారు.

"ముట్టకుండ్రి" అన్నాడు చిన్నరాములు. అంత గట్టిగా అతడు మాట్లాడడం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. కదిలినవాళ్లు ఆగిపోయారు.

గంప తల మీదే ఉంది. అతడు గుంత అవతలికి చూశాడు. అవతలి అంచున మల్లుపల్లి మగవాళ్లు కొందరు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లూ వాళ్ల హద్దు కాచుకోవడానికే వచ్చారు. వాళ్లలో పెద్దమనిషి కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "చిన్నరామన్నా! బిడ్డ సంగతి మాకెరికే. గని ఇటు రాకుండ్రి. కాళ్లు మొక్కుతం" అన్నాడు. నీళ్ల మీదుగా ఆ మాట చిన్నగా, స్పష్టంగా వచ్చింది.

వాళ్లు తిట్టి ఉంటే పోయేవాడేమో. దండం పెట్టారు.

నిజమైన శివారు వాళ్లకూ తనకూ నడుమ, నీళ్ల పైన ఎక్కడో గాలిలో ఉంది. వాన పంచిన ఆ గీత ఉండి ఉంటే మొగులమ్మ కూర్చున్న చోటు లోపలే, వనజ అడుగు వేసిన చోటూ లోపలే. దాని మీద నడవడానికి మాత్రం నేల లేదు. తల్లీ, నీకు ఏ గీత లెక్క, నక్షలో ఉన్నదా, నా కాళ్లు నడిచేదా అని మనసులో అడిగాడు. డప్పు చిన్నగా మోగుతూనే ఉంది. జవాబు కోసం ఎదురుచూసేంత తీరిక లేదు.

తల మీది గంప రెండు చేతులా ఎత్తి బాలరాజ్ తల మీద పెట్టాడు.

"కాకా!"

"పట్టు. నేల మీద పెట్టొద్దు. ఇవతలి అంచు పొంటి పో. రెండు రాళ్ల సందుకెల్లి దిగు, గొల్లబండ కాడ ఎడమకు తిరుగు. దర్గా కాడ రెండు పిడికిళ్లెక్కువ సల్లు, మీ తాత గట్లనే జేసేది. చెరువు మత్తడి కాడ కాళ్లు తడువాలె గని దాటొద్దు. ఆడికెల్లి సక్కగ బొడ్రాయి."

"నేనొద్దు కాకా. గంప నీది."

"మన ఇంటిదే గద. నీకిచ్చిన."

బాటను దాటి పలక మీదికి దిగి భార్య పక్కన కూర్చున్నాడు. మొగులమ్మ అతని వైపు చూడలేదు. కొంచెం జరిగి చోటు ఇచ్చింది.

బాలరాజ్ పిడికిలి నింపాడు గానీ చెయ్యి రాలేదు. ఆ రోజు ఈ నీళ్లలోంచి వనజను ఎత్తుకొచ్చిన చేతులవి. "నేనెట్ల సల్లాలె కాకా, మీ ఇద్దరి ముంగట?"

"మా దిక్కు సూడకు. నేల దిక్కు సూసుకుంట సల్లు."

పొలి బాట పొడుగునా పడింది. ఒక మెతుకు ఎగిరి చిన్నరాములు మడమకు అంటుకుంది. "పొలీ..." అన్నాడు బాలరాజ్ వెనక్కి తిరగకుండా. "పొలో" అని అందుకున్న గొంతుల్లో బలం లేదు. నర్సన్న మాత్రం పలక దాటి పోయేటప్పుడు దెబ్బ పెంచాడు, ఇక్కడి ఏడుపు ఎవరికీ వినపడకుండా. ఏడ్చింది మొగులమ్మ కాదు, చిన్నరాములు.

వాళ్లు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. డప్పు వినపడుతూనే ఉంది. మల్లుపల్లి వాళ్లు కూడా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

"యాడిదాక పోయిండ్రు?" అంది మొగులమ్మ కాసేపటికి.

అతడు తువ్వాలుతో మొహం తుడుచుకుని చెవి పెట్టాడు. "రెండు రాళ్ల సందుల ఉన్నరు. సప్పుడు బిగుసుకపోయింది సూడు. ఇగ గొల్లబండ వస్తది."

"పెండ్లయిన కొత్తల నన్ను గాడికి తీస్కపోయినవ్."

"కందులు కోసే దినాలు."

డప్పు ఒక్కసారిగా తెరుచుకున్నట్టు మోగింది. "గొల్లబండ ఎక్కిండ్రు" అన్నాడు. చాలాసేపటికి చప్పుడు నిలకడగా ఒకచోటే తిరిగింది. "దర్గా కాడ. పోరడు నేను చెప్పింది మర్సిపోలే." పొద్దు వాలుతోంది. తర్వాత చప్పుడు పల్చబడి నీళ్ల మీద జారినట్టు వచ్చింది. "మత్తడి" అన్నాడు. ఎలుగుల గుట్ట ఉన్న రోజుల్లో ఈ చోటికి మత్తడి దగ్గరి డప్పు వినపడేది కాదు. గుట్ట అడ్డం ఉండేది.

డప్పు ఆగిపోయింది.

"బొడ్రాయి" అన్నాడు.

ఊరు మూతపడింది. వాళ్లిద్దరూ బయట ఉన్నారు.

మొగులమ్మ మూట విప్పింది. అతడు లేచి కొత్త చీర మడత విప్పి నీళ్ల మీద వదిలాడు. చీర కాసేపు తేలి, అంచుల నుంచి తడుస్తూ దిగింది. బొట్టు పెట్టడానికి నుదురు లేదు. ఆమె కుంకుమను నీళ్లకే అద్దింది. తర్వాత ఇద్దరూ దోసిళ్లతో ఒడిబియ్యం పోశారు. పసుపు గింజలు క్షణం సేపు మెరిసి లోతులోకి పోయాయి. కుడుకలు మాత్రం మునగకుండా పలక పక్కనే ఊగుతున్నాయి.

గుడ్డ ఖాళీ అయింది. మొగులమ్మ దాన్ని దులపలేదు. ఏదో కావాలన్నట్టు నీళ్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆమె దేనికోసం చూస్తోందో అతనికి తెలుసు. ఎవరిస్తారు ఆ పిడికెడు?

చల్లగాలి లేచింది. ఆమె వంగి పలక అంచున చేత్తో తడిమింది. రాతి నెర్రెలో కొన్ని గింజలు ఆగి ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పోసుకుంది. పిడికెడు కూడా లేవు.

"ఇచ్చింది" అని కొంగున ముడి వేసుకుంది.

పోసేటప్పుడు దోసిలి సందులోంచి రాతి మీద జారిన గింజలవి. అతడు చూశాడు. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఆపుకుని, నిజంగా తను చూసిందే జరిగిందా అని కొంచెంసేపు ఆలోచించాడు.

"కొంగు గట్టిగ ముడెయ్యి" అన్నాడు. "తొవ్వల పడిపోతయి."